రెండు జంటలు, ఒక విదేశయాత్ర
(సమాజ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



ఈ సభ జరుగుచున్న రాయపూరు నగరమునకు 1877వ సంవత్సరమున కలకత్తానుండి ఒక కుటుంబము తరలివచ్చినది. ఆ కుటుంబపు యజమాని విశ్వనాథ దత్తు న్యాయవాది. వృత్తికార్యమునకై ఆయన యిచ్చటికి ముందుగా వచ్చియుండగా, భార్యాబిడ్డలు తరువాత బయలుదేరిరి. నాటికి రాయపూరునకు రైలు లేదు. ప్రయాణములో చివరి భాగము ఎడ్లబండ్లమీద అడవులగుండా, కొండల నడుమ, రెండు వారములకు మించి సాగినది. పదునాలుగేండ్ల కుమారుడు నరేంద్రుడు దారిలో ఒక కొండచరియ నెఱ్ఱెలో వ్రేలాడుచున్న పెద్ద తేనెపట్టును చూచి, ఆ పనితనమునకు విస్మయమంది, తన్ను తాను మరచి బండిలోనే ధ్యానమగ్నుడయ్యెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. ఆ బాలుడే స్వామి వివేకానందుడు. బూఢా తలాబునకు నేడు వివేకానంద సరోవరమను పేరు వచ్చుటకు కారణము ఆ కుటుంబము ఇచ్చట గడపిన రెండేండ్ల కాలమే.

ఆ తేనెపట్టు ఎవరి ప్రయాణ పట్టికలోను లేదు. చూడదగినదియని ముందుగా ఎవరును చెప్పలేదు. అయినను ఆ ప్రయాణమునకు ఏర్పాటులే లేవనుటయు సరికాదు. బండ్లు కుదుర్చుకొనకయు, దారి తెలిసినవారు తోడు లేకయు, పిల్లలకు తిండి సమకూర్చుకొనకయు ఏ తల్లియు అడవిదారి పట్టదు. కొన్నిటిని గట్టిగా ఏర్పాటుచేసికొని తక్కినవానిని దారికి విడిచిపెట్టుటయే మంచి యాత్రకు మూలమని ఈ ప్రసంగము చెప్పదలచినది. ఇంకొక జంటతో కలిసి విదేశమునకు పోవునప్పుడు గట్టిగా ఏర్పరచుకొనవలసినవి ఏవి, విడిచిపెట్టవలసినవి ఏవి యన్నదే ఇందలి విషయము.

తెలుగువారికి ఈ విద్య క్రొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మద్రాసు చేరెను. పోవునప్పుడు హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరు మార్గమునను, వచ్చునప్పుడు కలకత్తా, జగన్నాథము, విశాఖపట్టణము మార్గమునను ప్రయాణముచేసెను. ఏ మజిలీలో నీరు మంచిది, ఏ యూరిలో అంగళ్ళు కలవు, ఎచ్చట దిగుటకు వసతియున్నది యను సంగతులు ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రలో దినదినమునకు కానవచ్చును. ఆయనయు ఉద్యోగియే; సెలవు విలువ తెలిసినవాడే. పదునైదు నెలలకు పైబడిన ఆ సెలవు నేటి ఉద్యోగికి కలలోని మాట. ఏడాదికి ముప్పది దినముల ఆర్జితసెలవు, అదియు జనవరిలో పదునైదు, జులైలో పదునైదుగా ఖాతాలో చేరును. కనుక నేటి ఉద్యోగికి వెసులుబాటు అనగా ఎంతకాలమైనను తిరుగుట కాదు. ఉన్న పండ్రెండు దినములలో మార్పునకు చోటు మిగుల్చుకొనుట.

ఈ విషయము స్పష్టమగుటకై రెండు జంటలను ఊహించుట మేలు. రాయపూరులో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయమున పనిచేయు ఇద్దరు తెలుగు ఉద్యోగులు. ఒకరు పదవీవిరమణకు ఏడాది దూరముననున్న పెద్దవారు. రెండవవారు నలుబది దాటనివారు. ఇరుగుపొరుగు క్వార్టర్లలో ఎనిమిదేండ్లు కలిసియున్నవారు. ఇంతవరకు వారెఱిగిన దూరప్రయాణమెల్ల 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము రైలుమార్గమున స్వస్థలమునకు పోయివచ్చుటయే. పెద్దవారికి ఉద్యోగములో నుండగానే ఒకమారు దేశపు పొలిమేర దాటి చూడవలెనని కోరిక. చిన్నవారికి కొండలదారిలో బండిప్రయాణమన్న మక్కువ. ఒకనాటి సాయంకాలము నలుగురును సరోవరపు గట్టున కూర్చుండి మాటలాడగా, విదేశమన్నది నిశ్చయమైనది. ఏ దేశమన్నది మాత్రము తేలలేదు.

రోడ్డుమార్గమున చేరదగిన పొరుగు దేశములలో మొదట వారి దృష్టికి వచ్చినవి భూటాను, నేపాళము. భూటాను అందము లోకప్రసిద్ధము. కాని 2022వ సంవత్సరమునుండి ఆ ప్రభుత్వము భారతీయ యాత్రికులనుండికూడ ఒక్కొక్కరికి రోజునకు 1,200 రూపాయల అభివృద్ధి రుసుమును వసూలుచేయుచున్నది. నలుగురికి రోజునకు 4,800 రూపాయలు. ఏడు రాత్రులకు 33,600 రూపాయలు. ఇది బసకును, భోజనమునకును, బండికిని గాక వేరు ఖర్చు. అడవులను, కొండలను జనసమ్మర్దమునుండి కాపాడుకొనుటకు ఆ దేశము చేసికొన్న ఏర్పాటు కనుక దానిని తప్పు పట్టనక్కరలేదు. అయితే నచ్చినచోట ఇంకొక దినము నిలుచుటకు స్వేచ్ఛ కోరువారికి, నిలిచిన ప్రతి దినమును లెక్కకు వచ్చు దేశము అంత అనుకూలము కాదు. నేపాళములో అటువంటి దినరుసుము భారతీయులకు లేదు. 1950లో రెండు దేశములు చేసికొన్న శాంతి స్నేహ సంధివలన రాకపోకలు సులభమైనవి, వీసా అక్కరలేదు. ఈ లెక్క చూచుకొనిన పిమ్మట నలుగురును నేపాళమునకే మొగ్గిరి.

దేశమును ఎన్నుకొనుట ముందుగా జరుగవలెననుటకు ఉద్యోగికి ఇంకొక కారణము కలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి స్వంతపనిమీద విదేశమునకు పోవునప్పుడు సెలవు మంజూరుతోపాటు విదేశయాత్రకు కార్యాలయానుమతియు ముందుగా పొందవలెను. ఏ దేశము, ఏ తేదీలు అన్నది అర్జీలో చెప్పవలసినదే. పొఖరానుండి కాఠ్మండుకు పోవలెనా చిత్వానమునకు పోవలెనా యన్నది దారిలో తేల్చుకొనవచ్చును. నేపాళమునకు అనుమతి తీసికొని దారిలో భూటానునకు మరలుట మాత్రము చెల్లదు. ఎల్.టి.సి. సదుపాయము స్వదేశములోని ప్రయాణమునకే కనుక ఆ యాశ పెట్టుకొనరాదు. ప్రభుత్వ వైద్యసదుపాయము సరిహద్దు ఆవల ఇంటివలె అందునని నమ్ముకొనక, ప్రయాణ బీమా చేసికొనుట క్షేమము.

తరువాత కాలనిర్ణయము. తెలుగు ఉద్యోగులకు దసరా సెలవులతో ఆర్జితసెలవు కలుపుకొనుట అలవాటు. కాని నేపాళములో దసరాయే, అనగా వారి దశైన్ పండుగయే, సంవత్సరములోకెల్ల పెద్దది. ఆ దినములలో ఊళ్ళలోనివారు, నగరములలోనివారు తమతమ ఇండ్లకు పోవుదురు. బస్సులు క్రిక్కిరియును, అంగళ్ళు మూతపడును, బాడుగ బండ్లవారు దొరకుట కష్టము. అంతకు ముందు జూను మొదలు సెప్టెంబరు వరకు వానలు. కొండచరియలు విరిగి దారులు మూసికొనిపోవుట ఆ నెలలలో సాధారణము. 2024 సెప్టెంబరు చివరి దినములలో కురిసిన పెనువానలకు కాఠ్మండు లోయకు పోవు రహదారులు తెగిపోయి, ఎందరో ప్రాణములు కోల్పోయిరి. 2025 సెప్టెంబరు 8, 9 తేదీలలో రాజధానిలో చెలరేగిన యువజనాందోళనవలన ప్రధానమంత్రి రాజీనామా చేయుటయు, విమానాశ్రయము మూతపడుటయు జరిగినవి. ఇవి భయపెట్టుటకు చెప్పినవి కావు. ఎంత చక్కని పట్టికయైనను ఒక్క రాత్రిలో వ్యర్థము కాగలదనుటకు నిదర్శనములు. కావున రెండు జంటలును దీపావళి దాటిన తరువాత, ఆకాశము తేటగానుండు నవంబరు నెలను ఎన్నుకొని, పండ్రెండు దినములలో రెండు దినములను ఏ యూరికిని కేటాయింపక ఖాళీగా విడిచిరి. ఆ రెండు దినములు వృథా యనుకొనరాదు. కొండదారి మూసికొనినను, ఎవరికైనను జ్వరము తగిలినను, ఒక యూరు మనసునకు మిక్కిలి నచ్చినను వాడుకొనుటకు అవి దాచిన ధనము.

పిమ్మట వచ్చినది బండి సమస్య. పెద్దవారికి సొంత కారు కలదు. దానిని తామే నడుపుకొని పోవలెనని ముచ్చట. రాయపూరునుండి బిలాసపూరు, అంబికాపురము, రేణుకూటము మీదుగా కాశికి ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారి. కాశినుండి గోరఖ్‌పూరునకు రెండువందలకు పైన. అచ్చటినుండి సునౌలీ సరిహద్దునకు ఇంచుమించు నూరు. సుఖముగా పోవలెనన్న మూడు దినములు. తిరిగి వచ్చుటకు ఇంకొక మూడు. పండ్రెండింటిలో ఆరు దినములు సరిహద్దుకు ఈవలనే గడచిపోవును. సొంతబండిని నేపాళములోనికి కొనిపోవుటకు అడ్డులేదు. సరిహద్దువద్ద భన్సార్ అను సుంకపు కార్యాలయములో రిజిస్ట్రేషను పత్రము, లైసెన్సు చూపి, ఉండదలచిన దినముల లెక్కను సుంకము చెల్లించి రసీదు పొందవలెను. చెల్లించిన దినములకంటె ఎక్కువ నిలువదలచినచో మరల సుంకము చెల్లించి గడువు పొడిగించుకొనవలెను. ఇచ్చటి మోటారు బీమా పొరుగుదేశములో తనంత తాను చెల్లదు; అదనపు ప్రీమియము కట్టి భౌగోళిక విస్తరణ అను చేర్పు వ్రాయించుకొనవలెను. ఈ సంగతి తెలియక పోవువారే పెక్కుమంది.

రెండవ మార్గము, దుర్గునుండి రాయపూరు మీదుగా నౌతన్వా వరకు పోవు రైలు. నౌతన్వా సునౌలీకి చేరువలోని రైలుస్టేషను. ఆ రైలు వారములో కొన్ని దినములందు మాత్రమే నడచును గనుక ప్రయాణపు మొదటి తేదీ దానినిబట్టియే కుదురవలెను. సరిహద్దు దాటిన పిదప భైరహవాలో ఆ దేశపు బండిని, ఆ కొండలెఱిగిన డ్రైవరుతో సహా బాడుగకు మాటలాడుకొనవచ్చును. నలుగురి నడుమ బాడుగ పంచుకొనిన భారము కాదు. ఏ బండి మేలన్న తగవు రెండు వారములు సాగినది. అది తీరినది మాత్రము డబ్బు లెక్కవలన కాదు, ఇంకొక సంగతివలన.

పెద్దవారికి ముక్తినాథ దర్శనము ముప్పది యేండ్ల కోరిక. శ్రీవైష్ణవుల నూటయెనిమిది దివ్యదేశములలో సాలగ్రామక్షేత్రముగా ప్రసిద్ధమైన ఆ స్థలము 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున, అన్నపూర్ణా పర్వతశ్రేణికి ఆవలిప్రక్క కలదు. ఆలయము చుట్టును నూటయెనిమిది జలధారలు. సాలగ్రామశిలలు దొరకు కాళీగండకీ నది లోయవెంటనే దానికి దారి. పొఖరాపట్టణము సుమారు 820 మీటర్ల ఎత్తుననే యుండుటచేత, ఒకటి రెండు దినములలో అంత యెత్తునకు పోవువారికి తలనొప్పి, ఆయాసము కలుగవచ్చును. బండి దిగిన తరువాతను మెట్లు ఎక్కవలసియున్నది. నలుగురును కలిసి పోవుటయని మాట అనుకొని, ఆ మాటమీదనే మిగిలిన పట్టికయంతయు అల్లిరి.

ఇట్టి సమయమున ఒకనాడు సరోవరపు గట్టున నడచుచు చిన్నవారి భార్య, పెద్దావిడ వెనుకబడుట గమనించి, "వదినగారూ, నడక కష్టంగా ఉందా?" అని అడిగినది.

"ఏం లేదమ్మా, మెల్లగా వస్తాను," అని ఆమె తప్పించుకొన్నది.

"స్వయంభూనాథ్‌లో తూర్పు దిక్కు మెట్లు మూడువందల అరవై అయిదట. ముక్తినాథంలోనూ మెట్లున్నాయట. మీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి. అక్కడికి వెళ్ళాక చెబితే ఎవరికీ మంచిది కాదు."

కొంతసేపు మాట లేదు. పిమ్మట ఆమె, "నాలుగు నెలలనుంచీ మోకాలు సహకరించడం లేదు. మీ అన్నయ్యగారి కోరిక ముప్పై ఏళ్ళది. నావల్ల ఆగిపోయిందనే మాట నాకెందుకని ఊరుకున్నాను," అన్నది.

ఈ ప్రసంగమున చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే. ఊళ్ళు, దూరములు, బాడుగలు, హోటళ్ళు అన్నియు కాగితముమీద వ్రాసికొని, మూడు నెలలు సన్నాహము చేసిన నలుగురిలో ఒక్కరైనను ఆమె మోకాలిని గూర్చి అడుగలేదు. "నీకు ఏమి చూడవలెనని యున్నది?" అని అందరును అందరినీ అడిగిరి. "నీవల్ల కానిది ఏది?" అని ఎవరును ఎవరిని అడుగలేదు. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభము. రెండవదానికి మర్యాద అడ్డు, మొగమాటము అడ్డు, భర్త కోరికకు భార్య అడ్డు కారాదను సంసారధర్మమును అడ్డు. కాని ఆ సమాధానము ఇంటివద్ద రానిచో కొండమీద వచ్చును. అచ్చట అది సమాధానము కాదు, ఆపద. సముద్రమట్టమునకు మూడున్నర వేల మీటర్ల ఎత్తున, వైద్యుడు అందుబాటులో లేనిచోట, ఒకరు నడువలేమని కూర్చుండిపోయినచో యాత్రయేకాదు, ఎనిమిదేండ్ల స్నేహమును అచ్చటనే నిలిచిపోవును. నీవు ముందుగా చెప్పలేదని ఒకరు, మీరు అడుగలేదని యొకరు జీవితాంతము తలంచుకొందురు.

ఆ రాత్రి పెద్దవారికి సంగతి తెలిసినది. ఆయనకు మొదట నొచ్చినది నిజమే. తన కోరిక తప్పిపోవుచున్నదని కాదు, భార్య తనతో చెప్పుటకు వెనుదీసినదని. మఱునాడు నలుగురును కాగితమును మొదటినుండి మరల వ్రాసిరి. ఈసారి ఊళ్ళతో మొదలుపెట్టలేదు. ఒక్కొక్కరు తమవల్ల కానిది ఒక్కటి వ్రాసిరి. పెద్దావిడ మెట్లు అన్నది. పెద్దవారు, రాత్రివేళ ఎదుటి బండ్ల దీపములకు తమ కన్నులు చెదరుచున్నవని తొలిసారి ఒప్పుకొనిరి. చిన్నవారు, బడిలోనున్న కూతురిని తాతగారి యింట పండ్రెండు దినములకు మించి విడువజాలమనిరి. ఆయన భార్య, నలుగురు ఒకే గదిలో పరుండు బసలకు తాను రాననినది. నాలుగు పంక్తులు వ్రాయగానే మూడు నెలల చిక్కులు చాలవరకు తమంతట తామే విడిపోయినవి.

కన్నుల సంగతి తెలిసినందున సొంతబండి తగవు తీరినది. కొండదారి ఎఱిగిన డ్రైవరుతో బాడుగబండియే నిశ్చయము. చీకటిపడిన తరువాత కొండలమీద ప్రయాణము లేదన్నది నియమము. ముక్తినాథమునకు నలుగురు పోనక్కరలేదని తేలినది. వైద్యుని సమ్మతితో పెద్దవారును, చిన్నవారును పొఖరానుండి జోంసోముకు ఉదయపు విమానమునగాని జీపులోగాని పోయి, ముక్తినాథుని దర్శించి వత్తురు. కాళీగండకీ లోయలో ప్రొద్దెక్కినకొలది గాలి ఉధృతమగును గనుక విమానములు తెల్లవారి వేళనే ఎగురును. వాతావరణము బాగులేనిచో ఎగురనే ఎగురవు. దారికి కావలసిన సంరక్షణప్రాంత అనుమతిపత్రమును పొఖరాలోనే తీసికొనవలెను. ఖాళీగా విడిచిన రెండు దినములలో ఒకదానికి ఈ విధముగా ప్రయోజనము ఏర్పడినది. ఆ సమయమున స్త్రీలిద్దరును పొఖరాలోనే యుందురు. ఫేవా సరస్సులో పడవనెక్కి నడిమి దీవిలోని బారాహీ ఆలయమును చూడవచ్చును. ఉదయమున అన్నపూర్ణా శిఖరములను, 6,993 మీటర్ల మత్స్యపుచ్ఛ శిఖరమును ఒడ్డున కూర్చుండియే కన్నులార చూడవచ్చును. వారు మిగిలిపోయినవారు కారు. వారి యాత్ర వారిది.

ఇట్లు ఆలోచింపగా రెండు జంటలకు గట్టిగా ముడివేయవలసినవి నాలుగని తేలినది.

మొదటిది, తిరిగి వచ్చు దినము. ఎచ్చట ఏమి మారినను ఆ తేదీ మారదు. పోవు రైలునకు, వచ్చు రైలునకు టిక్కెట్లు, సరిహద్దు దాటిన తొలిరాత్రికి లుంబినీలో బస ముందుగా కుదుర్చుకొనవలెను. నడిమి రాత్రులకు ఆ నిర్బంధము లేదు.

రెండవది, డబ్బు. బాడుగ, బస, అందరు కలిసి చేయు భోజనము ఉమ్మడి సంచినుండి. కొనుగోళ్ళు, కానుకలు, ముక్తినాథపు విమానము ఎవరివి వారివి. ప్రతిరాత్రియు లెక్క వ్రాసి రెండు జంటలును చూడవలెను. పెద్దవారు తమ హోదానుబట్టి ఎక్కువ పెట్టుకొనుట మర్యాదగా తోచును గాని, నాలుగవ దినమునకు అది రెండవ జంటకు బరువగును. 1993నుండి నూరు భారతీయ రూపాయలకు నూటయరువది నేపాళీ రూపాయలన్న మారకపు రేటు స్థిరముగానున్నది గనుక లెక్క కష్టము కాదు. మన పెద్ద నోట్లు అచ్చట చెల్లుబాటగు విషయమున నిబంధనలు మారుచుండును. బయలుదేరుటకు ముందు విచారించుకొని, నూరు రూపాయల నోట్లు చాలినన్ని దగ్గరనుంచుకొనుట మంచిది.

మూడవది, శరీరము, పత్రములు. మందులు రెట్టింపు తీసికొని రెండు సంచులలో ఉంచవలెను. పాస్‌పోర్టుగాని, ఎన్నికల సంఘమువారి వోటరు కార్డుగాని ఒక్కొక్కరివద్ద అసలుపత్రమే యుండవలెను. పదునైదేండ్లకు పైబడి అరువదియైదేండ్లకు లోబడినవారికి ఆధారు కార్డు ఈ పనికి చాలదు. ఇంట భర్త పేర సమస్త పత్రములు సిద్ధముగానుండి, భార్య వోటరు కార్డు పాత ఊరి చిరునామాతోనో, పుట్టింటి ఇంటిపేరుతోనో యుండుట తరచు జరుగు పొరపాటు. దానిని మూడు నెలల ముందు చూచుకొనవలెను.

నాలుగవది, విడిపోవు హక్కు. ప్రతిదినము సగము పూట ఏ జంటకు ఆ జంట, ఏ మనిషికి ఆ మనిషి కారణము చెప్పనక్కరలేక వేరుగా నుండవచ్చును. కలిసిపోయినంత మాత్రమున కలిసియే కాఫీ త్రాగవలెనన్న నియమము లేదు. కలిసియుండుట విసుగుపుట్టకుండ నుండుటకు ఇంతకంటె మంచి మందు లేదు.

ఈ నాలుగు ముడులు బిగించిన తరువాత తక్కినదంతయు వదులుగానే యుంచవచ్చును. లుంబినీలో, 1896లో వెలుగుచూచిన అశోకస్తంభమువద్ద ఒక పూటయా, ఒక దినమా యన్నది అచ్చటనే నిశ్చయింపవచ్చును. సునౌలీనుండి పొఖరాకు సిద్ధార్థ రాజమార్గము సుమారు 180 కిలోమీటర్లు. దూరము తక్కువయని తొందరపడక, నడుమ తాన్‌సేన్ కొండయూరు నచ్చినచో ఆ రాత్రి అచ్చటనే నిలువవచ్చును. పొఖరానుండి కాఠ్మండుకు ఇంచుమించు 200 కిలోమీటర్లు. మరమ్మతులు, వాహనముల రద్దీవలన రోజంతయు పట్టినను ఆశ్చర్యము లేదు. ఆ దారి మూసికొనినచో చిత్వాన అభయారణ్యమునకు దిగి, ఒంటికొమ్ము ఖడ్గమృగములను చూచి, రాజధానిని ఇంకొక యాత్రకు దాచుకొనవచ్చును. కాఠ్మండు చేరినచో పశుపతినాథుని దర్శనము. ఆ యాలయపు ప్రధానార్చకులు దక్షిణదేశమునుండి వచ్చిన భట్టులన్న సంగతి తెలుగు యాత్రికులకు ఆత్మీయముగా తోచును. 2015 ఏప్రిల్ 25నాటి భూకంపమున కూలి, మరల ఎత్తి నిలిపిన భక్తపూరు ఆలయములును చూడదగినవి. స్వయంభూనాథునివద్ద మూడువందల అరువదియైదు మెట్లు ఎక్కజాలనివారికి వెనుకవైపు బండిదారి కలదు. రోజునకు రెండుపూటలు పప్పన్నము, ఆకుకూర దొరకు దేశములో తెలుగువారికి ఆకలిబాధ లేదు. అయినను ఒక సీసాలో మాగాయ, ఒక డబ్బాలో కందిపొడి కొనిపోవుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. సరిహద్దు దాటగానే గడియారమును పదునైదు నిమిషములు ముందునకు త్రిప్పుకొనవలెను.

మఱునాటి నిర్ణయము ముందునాటి రాత్రి భోజనము తరువాత జరుగవలెనని ఆ నలుగురు అనుకొనిరి. మొదట మాటలాడవలసినవారు పెద్దావిడ. ఇది గౌరవమునకై చేసిన యేర్పాటు మాత్రము కాదు. నలుగురిలో ఎవరి అడుగు నెమ్మదియో వారి మాట ముందు వినిన, తక్కిన ముగ్గురి త్రోవ తప్పదు. వీరాస్వామయ్య కాలమునుండి నేటివరకు బాటసారుల గుంపు నడక, అందు అందరికంటె నెమ్మదిగా నడచువారి నడకయే.

ఈ సభలోని కుటుంబములలో కొన్నియైనను రాబోవు సంవత్సరములలో ఇట్టి యాత్రకు పూనుకొనును. వారు పటము విప్పుటకు ముందు, తమతో వచ్చువారిని, ముఖ్యముగా తమ యింటివారిని, "నీవల్ల కానిది ఏది?" అని ఒక్కమారు అడిగి, సమాధానము వచ్చువరకు ఓపికతో నిలిచినచో ఈ ప్రసంగము సార్థకమగును. ఆ సమాధానమును విని మార్చుకొన్న పట్టికయే నిజమైన వెసులుబాటుగల పట్టిక. అట్లు బయలుదేరిన రెండు జంటలకు దారిలో ఏ మలుపునందో, ఎవరును చెప్పని తేనెపట్టు ఒకటి తప్పక కనబడును. దానిని చూచుటకు బండి ఆపుకొను తీరికయు వారికి మిగిలియుండును.